పవర్ వాల్వుకు పగ్గం స్క్రీను చేతిలోనే

గిటారు ఆంప్లిఫయర్ల గురించి ఇద్దరు కలిసి మాట్లాడుకుంటే ముందు బయటికొచ్చే అంకె ప్లేటు వోల్టేజి. ఇందులో నాలుగు వందల యాభై ఉంది, అందులో ఐదు వందలుంది, కాబట్టి అదే గట్టిది అని తేల్చేస్తారు. ఆ తర్వాత బయాసు మీద, అంటే కంట్రోలు గ్రిడ్డుకిచ్చే మైనస్ వోల్టేజి మీద, కాసేపు వాదన నడుస్తుంది. స్క్రీను గ్రిడ్డు ఊసు మాత్రం వాల్వు కాలిపోయాకే వస్తుంది, అదీ మెకానిక్కు నోట. ఈ వరుస తలకిందులుగా ఉందన్నదే ఈ వ్యాసం వాదన. పవర్ వాల్వు ఎంత కరెంటు లాగాలి, ఏ జోరు దగ్గర చేతులెత్తేయాలి, ఎన్నాళ్లు బతకాలి అన్నవాటిని ముందుగా నిర్ణయించేది స్క్రీను వోల్టేజి. ప్లేటు వోల్టేజి వంతు ఆ తర్వాతే. వరంగల్ జిల్లా నర్సంపేట లాంటి చోట ఈ తేడా పుస్తకాల్లో మిగిలిపోయేది కాదు. చుట్టూ మిర్చి, పత్తి, వరి చేలకు బోరు మోటార్లు నడుస్తుంటే గోడ సాకెట్లో వోల్టేజి పొద్దుటికీ రాత్రికీ ఒకేలా ఉండదు. ఆ ఎగుడుదిగుడు ముందుగా తగిలేది స్క్రీనుకే.

స్క్రీను గ్రిడ్డు పుట్టింది గిటారు కోసం కాదు. మూడు భాగాల ట్రయోడు వాల్వులో ప్లేటుకూ కంట్రోలు గ్రిడ్డుకూ మధ్య ఉండే కెపాసిటెన్సు రేడియో తరంగాల దగ్గర చిక్కు పెట్టేది. అవి రెండూ ఒకదానికొకటి కనబడకుండా మధ్యలో అడ్డంగా ఇంకో తీగచుట్ట పెట్టారు, అదే స్క్రీను. దాంతో ఒక ఇబ్బంది పోయి మరొకటి వచ్చింది. ప్లేటును తాకిన ఎలక్ట్రాన్లు అక్కడి నుంచి మరికొన్ని ఎలక్ట్రాన్లను ఎగరగొడితే, అవి పక్కనే ఉన్న స్క్రీను మీదికి దూకేవి. 1926లో ఫిలిప్స్ సంస్థలో బెర్నార్డ్ టెల్లెగెన్ స్క్రీనుకూ ప్లేటుకూ మధ్య మూడో గ్రిడ్డు పెట్టి దీన్ని ఆపాడు. అదే పెంటోడు. 1936లో ఆర్‌సీఏ తెచ్చిన 6ఎల్6 ఆ మూడో గ్రిడ్డు లేకుండానే, ఎలక్ట్రాన్లను పలచటి ధారలుగా కూర్చి అదే పని సాధించింది. ఫెండరు నుంచి మార్షల్ దాకా పేరున్న వాల్వు గిటారు ఆంప్లిఫయర్లు దాదాపు అన్నీ ఈ రెండు వంశాల వాల్వుల మీదే నిలబడ్డాయి. మన దగ్గర ఇవే వాల్వులు వేరే బట్టలేసుకుని వచ్చాయి. వాల్వు రేడియోలు, టూరింగు టాకీసుల సౌండు పెట్టెలు, పెళ్లిళ్లకూ జాతరలకూ అద్దెకిచ్చే మైకు సెట్లు వీటితోనే మోగాయి. బెంగళూరులో 1954లో మొదలైన భారత్ ఎలక్ట్రానిక్స్ 1961 నుంచి రిసీవింగ్ వాల్వులు తయారుచేసింది. ఆ సంస్థ ముద్రతో వచ్చిన ఈఎల్84 వాల్వుల కోసం విదేశాల్లోని గిటారు మెకానిక్కులు ఇప్పటికీ వెతుకుతుంటారు.

స్క్రీనుకు ఇంత పెత్తనం ఎందుకొచ్చిందో చూద్దాం. కేథోడు నుంచి బయలుదేరిన ఎలక్ట్రానుకు ప్లేటు దాదాపు కనబడదు. మధ్యలో స్క్రీను అడ్డుగా ఉంది, పైగా అదీ వందల వోల్టుల మీదే ఉంది. ఎలక్ట్రానును ముందుకు లాగేది స్క్రీను. లాగాక ఎక్కువ శాతం ఎలక్ట్రాన్లు దాని తీగల సందుల్లోంచి దూసుకుపోయి ప్లేటు మీద పడతాయి. పాకాల చెరువు తూములోంచి ఎంత నీరు రావాలో తూము తలుపు చెబుతుంది కానీ, దిగువన పొలం ఎంత పల్లంలో ఉందన్నది కాదు. ప్లేటు ఆ పల్లపు పొలమే. అంకెల్లో చెప్పాలంటే 6ఎల్6 పట్టిక చాలు. ప్లేటు, స్క్రీను రెండూ 250 వోల్టుల మీద, గ్రిడ్డు మైనస్ 14 మీద ఉన్నప్పుడు ప్లేటు కరెంటు 72 మిల్లీ ఆంపియర్లు. ప్లేటు నిరోధం 22,500 ఓములు. గ్రిడ్డు ఒక్క వోల్టు మారితే కరెంటు 6 మిల్లీ ఆంపియర్లు మారుతుంది. గ్రిడ్డుతో పోలిస్తే స్క్రీను బలం ఎనిమిదో వంతు. ఇప్పుడు ప్లేటును ఒక్కదాన్నే పది శాతం, అంటే 25 వోల్టులు పెంచితే కరెంటు ఒక మిల్లీ ఆంపియరు పైచిలుకు పెరుగుతుంది. అదే 25 వోల్టులు స్క్రీనుకు పెంచితే, గ్రిడ్డుకు మూడు వోల్టులు పైన ఇచ్చినట్టు లెక్క. కరెంటు 18 మిల్లీ ఆంపియర్ల మేర పెరుగుతుంది. దాదాపు పదిహేడు రెట్లు తేడా. ఈ ఒక్క లెక్క చూశాక కూడా ప్లేటు అంకె ముందు పెట్టి మాట్లాడటం అలవాటు తప్ప మరేం కాదు.

ఆయుష్షు సంగతికొస్తే సాక్ష్యం ఇంకా గట్టిది, అదీ వాల్వు కంపెనీలు అచ్చువేసిన కాగితాల్లోనే ఉంది. 6ఎల్6జీసీ ప్లేటు 30 వాట్ల వేడిని ఓర్చుకుంటుంది, స్క్రీను ఓర్పు 5 వాట్లే. రెండు వాల్వులు వంతులవారీగా పనిచేసే పుష్-పుల్ జతకు కంపెనీ ఇచ్చిన ఒక అమరికలో ప్లేటు 450, స్క్రీను 400, బయాసు మైనస్ 37 వోల్టులు, లోడు 5,600 ఓములు. వచ్చే పవరు 55 వాట్లు. ఫెండరు పెద్ద ఆంప్లిఫయర్లు ఈ పరిసరాల్లోనే ఉంటాయి. వాయించకుండా ఊరికే ఉన్నప్పుడు రెండు వాల్వుల ప్లేటు కరెంటు 116 మిల్లీ ఆంపియర్లు, పూర్తి జోరులో 210. రెట్టింపు కూడా కాలేదు. స్క్రీను కరెంటు మాత్రం 5.6 నుంచి 22కి ఎగబాకింది, నాలుగు రెట్లు. గుణించి చూడండి. పూర్తి జోరులో ప్లేట్లలోకి వెళ్లేది సుమారు 94 వాట్లు, అందులో 55 స్పీకరుకు పోతే మిగిలిన 39 రెండు ప్లేట్లకు పంచుకోవాలి. తలా ఇరవై వాట్ల లోపే, ఓర్పులో మూడింట రెండు వంతులు. స్క్రీన్ల వాటా 22 మిల్లీ ఆంపియర్లు, 400 వోల్టులు, అంటే 8.8 వాట్లు. తలా 4.4. ఓర్పు 5. ప్లేటు ఇంకా తీరుబడిగా ఉండగానే స్క్రీను అంచుకు చేరిపోయింది. ఇంకో చిత్రమేమంటే, ఊరికే ఉన్నప్పుడు పరిస్థితి దీనికి వ్యతిరేకం. అప్పుడు ప్లేటు 26 వాట్ల మీద కాగుతుంటే స్క్రీను ఒక్క వాట్టు పైచిలుకు దగ్గర హాయిగా ఉంటుంది. బయాసు చూసేవాళ్లు వాయించనప్పుడే కొలుస్తారు కాబట్టి వాళ్లకు ప్లేటు బాధ కనిపిస్తుంది, స్క్రీను బాధ కనిపించదు.

పైగా ఇదంతా శుభ్రమైన శబ్దం లెక్క. గిటారు వాయించేవాడు అక్కడ ఆగడు. అతనికి కావాల్సిన గరుకుదనం ఆ గీత దాటాకే మొదలవుతుంది. ఆంప్లిఫయరును మితిమీరి తోలినప్పుడు, తరంగం శిఖరం మీద ప్లేటు వోల్టేజి కిందికి, స్క్రీను వోల్టేజి కన్నా బాగా కిందికి జారిపోతుంది. ఆ క్షణంలో ఎలక్ట్రాన్లకు ప్లేటు కన్నా స్క్రీనే దగ్గరి దారి, ఎక్కువ ఆకర్షణ. కరెంటు దాని మీదికి మళ్లుతుంది. గది చీకటి చేసి చూస్తే, ప్లేటు రేకు సందులోంచి లోపలి సన్నటి తీగచుట్ట నారింజ రంగులో మెరవడం కనబడుతుంది. అది అందం కాదు, హెచ్చరిక. ఆ వేడికి తీగ వంగి పక్క గ్రిడ్డును తాకినా, కరిగి తెగినా వాల్వు పని అయిపోయినట్టే. గాజుబుడ్డి బయటికి చెక్కుచెదరకుండా కనిపిస్తుంది, ఫ్యూజు మాత్రం నిలవదు.

స్క్రీను తక్కువలో ఉంటే ప్లేటు ఎంత ఎత్తుకైనా ఎక్కగలదన్నది మరో వైపు నుంచి వచ్చే సాక్ష్యం. ఈఎల్34కు యూరపు కంపెనీలు ఇచ్చిన పట్టికలో జతకు 100 వాట్లు తీసే అమరిక ఉంది. అందులో ప్లేటుకు 800 వోల్టులు, స్క్రీనుకు సగం, 400. రేడియో ట్రాన్స్‌మిటర్ల 807 వాల్వు ప్లేటుకు 750 దాకా ఒప్పుకుంటుంది, స్క్రీను హద్దు 300. అంపెగ్ సంస్థ 1969లో తెచ్చిన 300 వాట్ల బేసు ఆంప్లిఫయరులో తర్వాతి రోజుల్లో ఆరు 6550 వాల్వులు అమర్చారు. ప్లేట్ల మీద 700 వోల్టుల దాకా, స్క్రీన్ల మీద అందులో సగం. లియో ఫెండరు తన పాత సంస్థ అమ్మేశాక చేయి కలిపిన మ్యూజిక్‌మ్యాన్ ఆంప్లిఫయర్లలోనూ ఇదే పద్ధతి, 700 వోల్టుల ప్లేటుకు సగం స్క్రీను. ఈ యంత్రాలు బస్సుల్లో, లారీల్లో ఊళ్లు తిరిగి దశాబ్దాలు పనిచేశాయి. ప్లేటు వోల్టేజే వాల్వును చంపేదైతే వీటిలో ఒక్కటీ మిగలకూడదు.

దీనికి ఎదురుగా నిలబెట్టే ఉదాహరణ ఒకటుంది, దాన్ని దాటేసి పోవడం న్యాయం కాదు. 1963 నుంచి వచ్చిన ఫెండరు డీలక్స్ రివర్బ్. అందులో రెండు 6వీ6 వాల్వులు. 6వీ6జీటీఏ పట్టిక ప్రకారం ప్లేటు హద్దు 350 వోల్టులు, స్క్రీను హద్దు 315. ఫెండరు వాటి మీద 400 పైన పెట్టాడు, ప్లేటుకూ స్క్రీనుకూ దాదాపు సమానంగా. అరవై ఏళ్ల తర్వాత కూడా అవి మోగుతున్నాయి, మరి మీ స్క్రీను హద్దు ఏమైందని అడుగుతారు. అడగవలసిందే. వాల్వును చంపేది వోల్టేజి అంకె కాదు, ఆ వోల్టేజిని కరెంటుతో గుణిస్తే వచ్చే వేడి. ఆ యంత్రంలో బయాసు చల్లగా, లోడు తగినట్టుగా ఉన్నంతకాలం సగటు వేడి హద్దులో ఉంటుంది. గిటారు స్వరం మీటగానే పెరిగి వెంటనే తగ్గుతుంది కాబట్టి స్క్రీనుకు ఊపిరి తీసుకునే వ్యవధి దొరుకుతుంది. అమెరికాలో అప్పట్లో వచ్చిన 6వీ6ల పనితనం కూడా గొప్పదే. వీటన్నిటికన్నా ముఖ్యమైన సంగతి ఇంకోటుంది. ఇవాళ మన ముందున్నవి బతికి బయటపడ్డ యంత్రాలు. ఎన్నిసార్లు వాల్వులు మార్చుకున్నాయో, ఎన్ని మూలన పడ్డాయో లెక్క లేనప్పుడు, మిగిలినవాటిని చూపి హద్దు లేదనడం కుదరదు. అదే ఫెండరు తన ఎన్నో యంత్రాల్లో ప్రతి స్క్రీనుకూ 470 ఓముల రెసిస్టరు పెట్టాడు. హద్దు లేదనుకున్నవాడు చేసే పని కాదది.

శబ్దం విషయంలో నా తీర్పు కాస్త జాగ్రత్తగా ఉంటుంది. స్క్రీను వోల్టేజి తగ్గిస్తే శబ్దం మూగబోతుందనే మాట విస్తారంగా ఉంది. పవరు తగ్గడం నిజం. అదే 6ఎల్6 జతకు ప్లేటు 360, స్క్రీను 270 ఇస్తే పట్టిక చెప్పే పవరు 26.5 వాట్లు, ఇందాకటి 55లో సగం లోపు. అయితే సగం పవరంటే మూడు డెసిబెల్లు తక్కువ. చెవికి తేడా తెలుస్తుంది, కానీ సగం శబ్దం పోయినట్టు ఎవరికీ అనిపించదు. మూగబోవడం అన్నది చాలాసార్లు బయాసును కొత్త స్క్రీను వోల్టేజికి తగ్గట్టు సరిచేయకపోవడం వల్ల వచ్చేది. స్క్రీను దిగితే పాత బయాసు మరీ చల్లదైపోతుంది, శబ్దం తెగి తెగి వస్తుంది. ఇక గొంతును మలిచేది స్పీకరు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు, ముందు దశలే కదా అనేవాళ్లది సగం నిజం. మామూలు వాయింపులో వాటి వాటాయే పెద్దది. బలంగా మీటినప్పుడు మాత్రం స్క్రీను రంగంలోకి దిగుతుంది. 470 ఓముల రెసిస్టరు మీద 30 మిల్లీ ఆంపియర్లు పారితే స్క్రీను 14 వోల్టులు దిగుతుంది, 1,500 ఓములైతే 45 వోల్టులు. ఎనిమిదో వంతు లెక్కన అది గ్రిడ్డుకు ఐదున్నర వోల్టులు తగ్గించినట్టు. మీటిన క్షణం స్వరం కొద్దిగా నొక్కుకుని, మళ్లీ ఉబుకుతుంది. వేళ్ల కింద మెత్తదనం అని గిటారిస్టులు చెప్పేదానిలో దీని వంతు ఉంది. ఆ మెత్తదనం నచ్చని వాళ్లూ ఉన్నారు, అది రుచి సంగతి. 1951లో హాఫ్లర్, కెరోస్‌లు పేరు తెచ్చిన అల్ట్రాలీనియర్ పద్ధతిలో స్క్రీనును ట్రాన్స్‌ఫార్మరు చుట్టలో మధ్యనుంచి తీసిన కొసకు కలుపుతారు. హైఫై వాళ్లకు అది వరమైంది. 1970ల చివర ఫెండరు సంస్థ దాన్ని గిటారులోకి తెస్తే మాత్రం వాయించేవాళ్లు పెద్దగా మెచ్చలేదు. స్క్రీను స్థిరంగా ఉండటమూ, ప్లేటుతో పాటు ఊగటమూ చెవికి తెలిసేంత తేడా అని ఆ చరిత్రే చెబుతోంది.

ఇప్పుడు నర్సంపేట సాకెట్టు దగ్గరికి వద్దాం. 1956 నాటి విద్యుత్ నిబంధనలు ఇళ్లకిచ్చే వోల్టేజి ఆరు శాతానికి మించి అటూ ఇటూ పోకూడదన్నాయి. 230 మీద అది 216 నుంచి 244. ఫీడరు చివర ఉన్న పల్లెకు ఆ అంకెలు చుట్టపుచూపుగా వచ్చేవే. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి ఇరవై నాలుగు గంటల కరెంటు వచ్చింది. అంతకుముందు కరెంటు వచ్చిన నిమిషంలోనే మోటార్లన్నీ ఒక్కసారి లేచేవి, అందుకే ఆటోస్టార్టర్లు తీసేయమని విద్యుత్ సంస్థలు రైతులను బతిమాలాయి. మోటార్లు నడిచే వేళ లో వోల్టేజి, వాన పడి మోటార్లు ఆగిన రాత్రి హై వోల్టేజి, ఇది అందరికీ తెలిసిన వరుసే. ఇందాకటి 6ఎల్6జీసీ జతనే తీసుకుని సాకెట్టు పది శాతం పెరిగిందనుకుందాం. ప్లేటు, స్క్రీను, బయాసు మూడూ ఒకే ట్రాన్స్‌ఫార్మరు మీదివైతే మూడూ కలిసి పెరుగుతాయి. బయాసు కొంత పగ్గం వేసినా కరెంటు పదిహేను శాతం పెరుగుతుంది, వేడి ఇరవై ఏడు శాతం. 26 వాట్ల మీద ఉన్న ప్లేటు 33కి చేరి హద్దు దాటింది. బయాసును మాత్రమే విడిగా స్థిరపరిచిన యంత్రమైతే? స్క్రీను 440కి వెళ్లినా గ్రిడ్డు మైనస్ 37 దగ్గరే ఆగిపోతుంది. కరెంటు అరవై శాతానికి పైగా, వేడి ఎనభై శాతం దాకా పెరుగుతాయి. అదే సాకెట్టు పది శాతం దిగితే కరెంటు సగానికి పడిపోతుంది. బయాసును స్థిరంగా ఉంచడం మేలనుకునే సాంకేతిక సదుద్దేశం ఇక్కడ వాల్వును నిప్పుల్లోకి తోస్తుంది. స్క్రీను స్థిరంగా లేని చోట బయాసు దానితో పాటే ఊగనివ్వాలి. లేదంటే రెండింటినీ కలిపి స్థిరపరచాలి. రెండో దారికి సులువైన రూపం మంచి సర్వో స్టెబిలైజరు. హీటరుకూ అది మేలే. 180 వోల్టుల సాకెట్టు మీద 6.3 వోల్టుల హీటరుకు చేరేది ఐదు లోపు, అంత చల్లటి కేథోడు ఏ స్క్రీను లాగినా సరిగా ఇవ్వలేదు.

పాత మైకు సెట్లను గిటారుకు మార్చుకునేవాళ్లకు ఇంకో ముప్పుంది. ఆ సెట్ల అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరులో 100 వోల్టుల లైనుకు తీసిన కొస ఉంటుంది, దాని మీద నాలుగైదు హారన్లు వేలాడేవి. ఒక్కో హారనూ తీసేస్తుంటే వాల్వుకు కనబడే లోడు ఓములు పెరుగుతాయి. ఆంప్లిఫయరుకు పని తగ్గిందని మనం అనుకుంటాం. నిజానికి ఓములు పెరిగేకొద్దీ శిఖరం మీద ప్లేటు మరింత తొందరగా కిందికి జారి, కరెంటు స్క్రీను మీదికి మళ్లుతుంది. ఎనిమిది ఓముల కొసకు పదహారు ఓముల స్పీకరు తగిలించి గట్టిగా వాయించడమూ ఇదే తప్పు. ప్లేటు చల్లగా ఉంటుంది, స్క్రీను ఉడుకుతుంది. ఇలా పోయిన వాల్వుకు సరఫరాదారును తిట్టుకోవడం మామూలే.

చివరగా చేతిలో మీటరు ఉన్నవాళ్లకు ఒక మాట. ఎనిమిది కాళ్ల 6ఎల్6, 6వీ6, ఈఎల్34 వాల్వులన్నిటిలో స్క్రీను నాలుగో కాలు, ప్లేటు మూడో కాలు. ఈఎల్84లో స్క్రీను తొమ్మిదోది. కొత్త జత కొనేముందు స్విచ్ ఆపి, ప్లగ్గు తీసి, కండెన్సర్లలో నిలిచిన నాలుగు వందల వోల్టులను రెసిస్టరు ద్వారా దించి, స్క్రీను కాలికి వెళ్లే రెసిస్టరును కొలవండి. చాలా యంత్రాల్లో అది 470 నుంచి 1,000 ఓముల మధ్య ఉంటుంది. కాలి నల్లబడి విలువ మారిపోయి ఉంటే పాత వాల్వు ఎందుకు పోయిందో తెలిసినట్టే. సాకెట్టు నిలకడ లేని ఊళ్లో దాని స్థానంలో ఐదు వాట్ల 1,000 ఓములది వేయండి, ఆ తర్వాతే బయాసు ముట్టుకోండి.